ముంగిటికి వచ్చిన విశ్వవిద్యాలయం: ఆచార్య జి. రాంరెడ్డి గారి కృషి
(బాటసింగారంలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



విద్యారంగంలో పనిచేసిన ఒక పెద్దమనిషిని గురించి మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. నేను ప్రొఫెసర్ను కాను, పండితుణ్ణి అంతకంటే కాను. ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళు కట్టి, విప్పి, మళ్ళీ కట్టిన గుమాస్తాను. అయినా మనలాంటి చిరుద్యోగుల ఇళ్ళల్లోకి డిగ్రీ చదువు నడిచి వచ్చేలా చేసిన ఆచార్య జి. రాంరెడ్డి గారిని గురించి మాట్లాడటానికి గుమాస్తాకు కూడా అర్హత ఉందని నా నమ్మకం. ఈ సభలో కూర్చున్న ఎన్నో కుటుంబాల్లో ఆయన చేతి చలవ ఉంది. కాని ఆయన పేరు తెలిసినవారు తక్కువ. జూబిలీ హిల్స్‌లో అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి వెళ్ళే రోడ్డుకు ఆయన పేరే పెట్టారు. ఆ బోర్డు చూసినవారిలో కొందరు ఈయనెవరో రాజకీయ నాయకుడనుకుంటారు. అందుకే ఈ నాలుగు మాటలు.

రాంరెడ్డి గారు 1929 డిసెంబరు 4న కరీంనగర్ జిల్లా మైలారంలో జన్మించారు. పల్లెటూరి నుంచి వచ్చిన మనిషి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ పాలనాశాస్త్రం, అంటే పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, బోధించి ప్రొఫెసరయ్యారు. మన ఉద్యోగాలేమిటి, ఆఫీసులు ఎలా నడుస్తాయి, ప్రజలకూ ప్రభుత్వానికీ నడుమ ఏం జరుగుతుంది అనేదే ఆయన శాస్త్రం. ఒక విధంగా చెప్పాలంటే మనమే ఆయన పాఠ్యాంశం!

ఆయన పరిశోధన సంగతి ముందు చెబుతాను. తరువాత చేసిన పనికి మూలం అందులోనే ఉంది. మన రాష్ట్రంలో 1959లో పంచాయతీరాజ్ వ్యవస్థ మొదలైంది. సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. బ్లాకు ఆఫీసులు, గ్రామసేవకులు, అప్పులు, సబ్సిడీలు వచ్చాయి. వీటన్నిటి పనితీరును రాంరెడ్డి గారు చాలా ఏళ్ళు అధ్యయనం చేశారు. వివిధ రాష్ట్రాల పంచాయతీరాజ్ తీరుతెన్నుల మీద ఆయన సంపాదకత్వంలో 1977లో ఒక గ్రంథం వెలువడింది. 1985లో ఆచార్య జి. హరగోపాల్ గారితో కలిసి ఒక వ్యాసం వ్రాశారు. అది విదేశీ పత్రికలో అచ్చయింది. ఆ వ్యాసం పేరులో ఉన్న ముఖ్యమైన మాట అచ్చంగా మన ఆఫీసు వరండా మాట: పైరవీకారు!

నవ్వకండి. మనందరికీ తెలిసిన మనిషే కదా. తెల్ల చొక్కా, చంకలో సంచి, జేబులో నాలుగు దరఖాస్తు ఫారాలు. రైతును వెంటబెట్టుకుని వస్తాడు. ఏ సెక్షన్లో ఏ కాగితం ఇవ్వాలో, ఎవరి సంతకం ముందో, ఎవరి సంతకం వెనుకో అతనికి తెలుసు. రైతుకు తెలియదు. గ్రామాలకు ప్రభుత్వ పథకాలు పెరిగిన కొద్దీ ఈ మధ్యవర్తి అవసరం కూడా పెరిగిందని ఆ ఇద్దరు ఆచార్యులు వివరించారు. మనం రోజూ చూసి విసుక్కున్న మనిషిని వారు కూర్చుని పరిశీలించారు. పైరవీకారు మంచివాడా చెడ్డవాడా అని తీర్పు చెప్పి ఊరుకోలేదు. అతని అవసరం ఎందుకు వచ్చిందని అడిగారు. నియమాలు తెలియని మనిషికీ, ఆ నియమాల భాషలోనే మాట్లాడే ఆఫీసుకూ నడుమ ఖాళీ ఉంది. ఆ ఖాళీలోనే పైరవీకారు బ్రతుకుతున్నాడు.

నా కౌంటరు అనుభవంతో ఒక మాట కలుపుతాను. దరఖాస్తు తానే చదువుకుని, తానే నింపుకుని వచ్చిన మనిషితో మనం మాట్లాడే తీరు వేరు. ఇతరుల చేత నింపించుకుని, వేలిముద్ర వేసి, చేతులు కట్టుకుని నిలబడిన మనిషితో మాట్లాడే తీరు వేరు. ఇది ఒప్పుకోవటానికి కష్టంగా ఉన్నా అందరికీ తెలిసిన సంగతే. చదువు వల్ల ఉద్యోగం వస్తుందో రాదో గాని, కౌంటరు ముందు నిలబడే తీరు మాత్రం మారుతుంది.

ఇక ఆ రోజుల్లో చదువు ఎవరికి అందేదో గుర్తు చేసుకుందాం. పదో తరగతితోనో, ఇంటర్‌తోనో చదువు ఆపి, టైపు నేర్చుకుని, సర్వీసు కమిషన్ పరీక్ష వ్రాసి ఉద్యోగాల్లో చేరినవాళ్ళం మనలో చాలామందిమి. డిగ్రీ చదవాలంటే పగలు కాలేజీకి వెళ్ళాలి. పగలు ఆఫీసు. ఎక్కడో ఒక సాయం కళాశాల ఉంటే అది నగరంలోనే. తాలూకా ఆఫీసులో పనిచేసేవాడికి ఆ దారి లేదు. ఆడపిల్లల సంగతి చెప్పనక్కర లేదు. పెళ్ళితో పుస్తకం మూసేసేవారు.

ఉత్తరాల ద్వారా చదువు చెప్పటం మన దేశంలో 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయంతో మొదలైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1972లో వచ్చింది. ఉస్మానియాలో 1977లో వచ్చింది. ఆ 1977లోనే రాంరెడ్డి గారు ఉస్మానియాకు వైస్‌ ఛాన్సలర్ అయ్యారు. 1982 వరకు ఆ పదవిలో ఉన్నారు. నేడు ఉస్మానియాలోని దూరవిద్యా కేంద్రం ఆయన పేరుతోనే నడుస్తున్నది. అయితే కరెస్పాండెన్స్ కోర్సులో చేరాలన్నా ఇంటర్ ప్యాసై ఉండాలి. పైగా కాలేజీ నోట్సునే అచ్చువేసి పోస్టులో పంపిస్తే పాఠం అయిపోయిందనుకునే రోజులవి. అది చదివి అర్థం చేసుకోవటం విద్యార్థి అదృష్టం.

బ్రిటన్‌లో 1969లో ఓపెన్ యూనివర్సిటీ ఏర్పడింది. చేరటానికి పాత సర్టిఫికెట్లు అడగని విశ్వవిద్యాలయం అది. అటువంటిది మన దేశంలో మొట్టమొదటిసారి మన హైదరాబాదులోనే వచ్చింది. శ్రీ భవనం వెంకట్రామ్ గారు ముఖ్యమంత్రిగా ఉండగా, 1982 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దానికి మొదటి వైస్‌ ఛాన్సలర్‌గా రాంరెడ్డి గారు వచ్చారు. అదే 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అయింది.

ఒక్కసారి ఆలోచించండి. ఉస్మానియా వంటి పెద్ద విశ్వవిద్యాలయానికి వైస్‌ ఛాన్సలర్‌గా చేసిన మనిషి. ఇటుకరాయి లేని, విద్యార్థి లేని, పేరు కూడా ఎవరూ వినని సంస్థకు వచ్చి మొదటి ఫైలు తెరిచారు. మనలో ఎవరినైనా జిల్లా కేంద్రం నుంచి కొత్తగా పెట్టిన సబ్‌ ఆఫీసుకు బదిలీ చేస్తే ఎన్ని రిప్రజెంటేషన్లు పెట్టేవాళ్ళమో మనకు తెలుసు!

ఆ విశ్వవిద్యాలయం చేసిన పెద్ద పని అర్హత పరీక్ష. ఇంటర్ లేకపోయినా, అసలు బడి సర్టిఫికెట్టే లేకపోయినా, నిర్ణయించిన వయసు నిండి, ఆ అర్హత పరీక్షలో నెగ్గితే డిగ్రీలో చేరే వీలు ఆ రోజుల్లో ఉండేది. తెలుగులోనే చదవవచ్చు. ఉన్న కాలేజీల్లోనే స్టడీ సెంటర్లు పెట్టారు. సెలవు రోజుల్లో క్లాసులు నడిపారు. ఆకాశవాణిలో పాఠాలు వచ్చేవి.

మా ఇంటి ముచ్చట ఒకటి చెప్పటానికి అనుమతించండి. నా భార్య ఏడో తరగతి చదువుతుండగా మాన్పించారు. పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టాక, ఆ అర్హత పరీక్షకు దరఖాస్తు పెట్టింది. వరండాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ చరిత్ర పుస్తకం చదివేది. అర్థం కానిది నన్ను అడిగితే నాకూ అర్థమయ్యేది కాదు. ఆదివారం స్టడీ సెంటరుకు వెళ్ళి అడిగి వచ్చి నాకు చెప్పేది. తప్పిన పేపరు మళ్ళీ వ్రాసి, ఐదో సంవత్సరంలో బి.ఎ. పూర్తి చేసింది. ఉద్యోగం చెయ్యలేదు. కాని పిల్లల పదో తరగతి దాకా ట్యూషన్ ఫీజు కట్టవలసిన అవసరం నాకు రాలేదు. ఆమె ఈ సభలోనే మూడో వరుసలో కూర్చుంది. పేరు చెప్పవద్దని ఇంటి దగ్గరే ఆజ్ఞాపించింది కనుక చెప్పను.

ఆ పాఠ్యపుస్తకాల గురించి ఒక మాట. గ్రూప్ పరీక్షలకు తయారయ్యే మన పిల్లలు, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగే మన మనవలు, ఇప్పటికీ అంబేద్కర్ యూనివర్సిటీ తెలుగు పుస్తకాల కోసం వెతుకుతుంటారు. ఎందుకు? ఆ పుస్తకం ఎదురుగా ఉపాధ్యాయుడు లేడని తెలిసి వ్రాసిన పుస్తకం. పాఠం మొదట్లోనే ఇది చదివితే నీకు ఏం తెలుస్తుందో చెబుతుంది. పాఠాన్ని చిన్న చిన్న భాగాలు చేస్తుంది. ప్రతి భాగం చివర నీకు ఎంత వచ్చిందో చూసుకో అని ప్రశ్నలు వేస్తుంది. సమాధానాలు కూడా ఇస్తుంది. విద్యార్థి తన తప్పు తానే దిద్దుకుంటాడు.

ఇక్కడే ఉపాధ్యాయ శిక్షణ అనే మాట వస్తుంది. రాంరెడ్డి గారు బి.ఇడి. కాలేజీ ప్రొఫెసరు కారు. కాని పాఠం చెప్పే పద్ధతిని కొత్తగా నేర్చుకోవలసిన అవసరాన్ని పెద్ద పెద్ద ప్రొఫెసర్ల ముందు పెట్టారు. పాతికేళ్ళు తరగతిలో చాక్‌పీసు పట్టినవారు కూడా దూరవిద్యకు పాఠం వ్రాయాలంటే మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. తరగతిలో అయితే విద్యార్థి ముఖం చూసి అర్థం కాలేదని గ్రహించి మళ్ళీ చెప్పవచ్చు. కాగితం మీద ఆ ముఖం కనపడదు. ఎక్కడ తడబడతాడో ముందే ఊహించాలి. ఒకరు వ్రాస్తే మరొకరు సరిచూడాలి, ఇంకొకరు భాష దిద్దాలి. తాను వ్రాసినదానిని ఇంకొకరు దిద్దటం ప్రొఫెసరుకు ఎంత కష్టమో, మన నోట్‌ఫైలును సూపరింటెండెంటు ఎర్ర సిరాతో దిద్దినప్పుడు మనకు తెలుసు. స్టడీ సెంటరులో పాఠం చెప్పేవారిని లెక్చరర్ అనక కౌన్సిలర్ అన్నారు. మళ్ళీ ఉపన్యాసం ఇవ్వటం వారి పని కాదు. పుస్తకం చదివి వచ్చిన మనిషి సందేహం తీర్చటం వారి పని.

ఇది ఎంత ముఖ్యమని ఆయన భావించారో తరువాతి చరిత్ర చెబుతుంది. 1985లో పార్లమెంటు చట్టంతో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, మనం ఇగ్నో అంటాం, ఢిల్లీలో ఏర్పడింది. దానికి కూడా మొదటి వైస్‌ ఛాన్సలర్ మన రాంరెడ్డి గారే. 1989 వరకు ఉన్నారు. 1987లో ఇగ్నో రెండే రెండు కోర్సులతో, 4,528 మంది విద్యార్థులతో మొదలైంది. ఒకటి మేనేజ్‌మెంట్ డిప్లొమా. రెండోది ఏమిటనుకుంటున్నారు? దూరవిద్యలో డిప్లొమా. అంటే దూరవిద్య చెప్పేవారికి, నడిపేవారికి శిక్షణ. దేశమంతటికీ విశ్వవిద్యాలయం పెట్టి, మొట్టమొదట ఉపాధ్యాయుణ్ణి తయారు చెయ్యటానికి పూనుకున్నారు. ఇల్లు కట్టేవాడు ముందు మేస్త్రీని వెతుక్కున్నట్లు.

అదే కాలంలో 1986 జాతీయ విద్యావిధానం వచ్చింది. దాని ఫలితంగానే జిల్లాకొక డైట్ శిక్షణ సంస్థ వచ్చింది. మాసాబ్‌ట్యాంక్‌లోని పాత బి.ఇడి. కాలేజీ వంటివి ఉన్నతస్థాయి విద్యా అధ్యయన సంస్థలయ్యాయి. ఒకసారి ట్రైనింగ్ అయిన పంతులు రిటైరయ్యే వరకు ఇక నేర్చుకోనక్కర లేదనే పాత అభిప్రాయం ఆ దశాబ్దంలో కదిలింది. ఆ కదలికలో రాంరెడ్డి గారి పాలు కూడా ఉంది.

కెనడాలోని వాంకూవర్‌లో కామన్వెల్త్ దేశాల దూరవిద్య కోసం 1988లో ఏర్పడిన సంస్థలో ఆయన ఉపాధ్యక్షులుగా పనిచేశారు. సార్వత్రిక విశ్వవిద్యాలయాల మీద ఆయన సంపాదకత్వంలో 1988లో వచ్చిన గ్రంథం పేరుకు తెలుగులో అర్థం చెప్పాలంటే, దంతపు మేడల తలుపులు బార్లా తెరిచారని. 1991లో ఆచార్య యశ్‌పాల్ గారి తరువాత యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ అధ్యక్షులయ్యారు. కళాశాలల, విశ్వవిద్యాలయాల నాణ్యతను పరిశీలించే నాక్ సంస్థ 1994లో ఆయన హయాంలోనే ఏర్పడింది.

ఇక మన ఉద్యోగులకు బాగా పనికివచ్చిన సంగతి. ఓపెన్ డిగ్రీ తెచ్చుకున్న గుమాస్తాకు ప్రమోషన్ సమయంలో ఎదురైన ప్రశ్న మీకు గుర్తుండే ఉంటుంది. ఇది అసలు డిగ్రీయేనా అని. ఇగ్నో డిగ్రీలను ఇతర విశ్వవిద్యాలయాల డిగ్రీలతో సమానంగా చూడాలని యు.జి.సి. 1992లో లేఖ పంపింది. 1995 మార్చి 1న కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించింది: దూరవిద్యా మండలి, అవసరమైన చోట సాంకేతిక విద్యామండలి ఆమోదం ఉన్న దూరవిద్య అర్హతలు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు చెల్లుతాయని. చదువు చెప్పటం ఒక ఎత్తు. ఆ చదువుకు ఆఫీసులో విలువ కట్టించటం మరొక ఎత్తు. పాలనాశాస్త్రం చదివిన మనిషికి జీవో లేని మంచి మాట ఎంతదూరం పోతుందో తెలుసు.

అదే సంవత్సరం, 1995 జూలై 2న, ఆయన కన్నుమూశారు. అరవై ఆరు కూడా నిండలేదు. మనలో చాలామందిమి ఆ వయసు దాటి ఎన్నో ఏళ్ళయింది.

పొగడ్తలే చెప్పి కూర్చుంటే ఆయనకు న్యాయం చేసినట్లు కాదు. సార్వత్రిక విద్య మీద విమర్శలు ఉన్నాయి. వాటిలో నిజమూ ఉంది. చేరినవారందరూ చివరి వరకు నిలవరు. ఇంటి పనులతో, డ్యూటీలతో మధ్యలో మానేసేవారు చాలామంది. కొన్నిచోట్ల కౌన్సిలరు వచ్చి నోట్సు చెప్పి వెళ్ళిపోతాడు. పుస్తకం తెరవకుండా పరీక్ష ముందు గైడు కొనుక్కునే విద్యార్థులూ ఉన్నారు. దూరవిద్య పేరుతో దుకాణాలు తెరిచి డిగ్రీలు అమ్మినవారినీ దేశం చూసింది. అందుకే 2013లో దూరవిద్య నియంత్రణను ఇగ్నో నుంచి తీసి యు.జి.సి.కి అప్పగించారు. ఆ తరువాత నిబంధనలు బిగిశాయి. కనుక ఇప్పుడు చేరాలనుకునేవారు మా కాలపు కబుర్లు నమ్ముకోకుండా, ఆ సంవత్సరం నోటిఫికేషన్ చూసుకుని, ఆ కోర్సుకు గుర్తింపు ఉందో లేదో తెలుసుకుని చేరాలి. నకిలీని అరికట్టాలనటంలో సందేహం లేదు. కాని నకిలీని ఆపే తాళం నిజమైన విద్యార్థి మీద పడకూడదు. తలుపు తెరవటానికి ఆయన పడిన శ్రమ ఆ తలుపు మూతపడితే వృధా అవుతుంది.

చివరగా మన ఊరి సంగతికి వస్తాను. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2022 నాటికి మన బాటసింగారం లాజిస్టిక్ పార్కుకు వచ్చింది. మామిడికాయల కాలంలో విజయవాడ రోడ్డు మీద లారీలు బారులు తీరుతాయి. ఆ మార్కెట్టులో హమాలీలున్నారు, దస్తావేజు వ్రాసే కుర్రాళ్ళున్నారు, పండ్లు ఏరే ఆడవాళ్ళున్నారు. చుట్టుపక్కల గోడౌన్లలో పనిచేసే పిల్లలు ఉన్నారు. వీరిలో ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో బడి మానినవారిని నేను చాలామందిని చూశాను. సార్వత్రిక పాఠశాల సంస్థ ద్వారా పదో తరగతి, ఇంటర్ వ్రాయవచ్చని, ఆ పైన అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ చెయ్యవచ్చని వారికి చెప్పేవారు లేరు. ఎవరైనా చెప్పినా, దరఖాస్తంతా ఆన్‌లైన్. ఇంటర్నెట్ సెంటరు వాడు ఇంత ఇవ్వమంటాడు. ఫీజు ఎంతో, అతని మామూలు ఎంతో తెలియదు. మళ్ళీ పైరవీకారు వచ్చాడు. చొక్కా మారింది, చంకలో సంచి బదులు కంప్యూటరు వచ్చింది. అంతే తేడా. ఏడాదికొకసారి లైఫ్ సర్టిఫికెట్ కోసం మనమూ వేలు పెట్టి అతని ముందు కూర్చుంటున్నాం కదా!

కనుక సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. మన దగ్గర డబ్బు లేకపోవచ్చు. కాని ఫారం నింపటం మనకంటే బాగా వచ్చినవారు ఈ మండలంలో ఎవరున్నారు? ఆదివారం ఉదయం రెండు గంటలు, ఇక్కడే ఒక బల్ల, నాలుగు కుర్చీలు వేద్దాం. చదువు మధ్యలో ఆపినవారు వస్తే ఏ కోర్సు, ఏ ఫీజు, ఏ తేదీ అని చెబుదాం. ఫారం మనం నింపవద్దు. వారి చేతనే నింపిద్దాం. ఫోనులో నింపే పద్ధతి మన మనవలు, మనవరాళ్ళు చూపిస్తారు. వారికీ ఒక మంచి పని దొరుకుతుంది. మన సభ్యుల్లో విశ్రాంత ఉపాధ్యాయులు కూడా ఉన్నారు. వారు కౌన్సిలర్లుగా కూర్చుంటే, పుస్తకం చదివి వచ్చిన పిల్లవాడి సందేహం తీరుతుంది. మొదటి సంవత్సరం పదిమంది వచ్చినా చాలు. ఆ పదిమందిలో ఎంతమంది పరీక్ష వరకు నిలిచారో రిజిస్టరులో వ్రాసుకుందాం. రిజిస్టరు నేను నిర్వహిస్తాను. నలభై ఏళ్ళ క్రితం వరండాలో కూర్చుని చదివిన మూడో వరుస విద్యార్థిని, కౌన్సిలరుగా రావటానికి ఇప్పటికే ఒప్పుకుంది.

రాంరెడ్డి గారికి మన నగరంలో రోడ్డు ఉంది, కేంద్రం ఉంది, ఆయన పేరిట స్మారకోపన్యాసాలు జరుగుతుంటాయి. మన బాటసింగారంలో ఒక బల్ల కూడా ఉంటే బాగుంటుందని నా మనవి. ఈ ప్రతిపాదనను రాబోయే కార్యవర్గ సమావేశంలో చర్చకు పెట్టవలసిందిగా అధ్యక్షుల వారిని కోరుతున్నాను.